పటాస్కర్ సూత్రం, మా అవ్వ ప్రశ్న

పోయిన సంవత్సరం మా బడిలో వక్తృత్వ పోటీ జరిగింది. "జీవితాన్ని సిద్ధాంతాలు వివరించగలవా?" అన్నది అంశం. నేను వివరించగలవనే పక్షాన మాట్లాడినాను. న్యూటన్, డార్విన్, మార్క్స్ అని పేర్లు వరుసగా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకొన్నాను. రెండో బహుమతిగా ఒక స్టీలు డబ్బా ఇచ్చినారు. తెచ్చి అవ్వ చేతిలో పెడితే, మూత తీసి చూసి, "ఏం మాట్లాడితే ఇచ్చినార్రా ఇది?" అని అడిగింది. చెప్పినాను. "అట్లైతే మనం ఏ రాష్ట్రమోళ్లం? నీ సిద్ధాంతం ఏం చెప్తాది?" అన్నది.

ఆ పొద్దు నవ్వేసినాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నా ప్రసంగానికి నేనే రాసుకొంటున్న విమర్శ ఇది.

అవ్వ ప్రశ్న ఎగతాళి ప్రశ్న కాదు. ఆమె పుట్టినప్పుడు మా ఆర్.కె.పేట మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న అది ఆంధ్రప్రదేశ్ అయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణితో పాటు మళ్లీ మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. ఇన్ని మార్పులు జరిగినా అవ్వ పెళ్లయి పక్కవీధికి వచ్చిందే తప్ప ఊరు దాటింది లేదు.

ఈ మార్పుల వెనక ఉన్నది ఒక సిద్ధాంతమే. ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒక రాష్ట్రంగా ఉంటే పాలన, చదువు, కోర్టు అన్నీ జనానికి అర్థమయ్యే భాషలో నడుస్తాయని ఆ సిద్ధాంతం. దానికోసమే పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచినాడు. మా బడిలో ఆయన గురించి వ్యాసం రాయని పిల్లలు ఉండరు. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలైంది. మ.పొ.శివజ్ఞానం నాయకత్వాన తమిళులు తిరుపతి కొండ దాకా మాదే అన్నారు. ప్రాచీన తమిళ గ్రంథాల్లో తమిళదేశానికి ఉత్తరపు హద్దు వేంగడం అని ఉంది, అదీ వాళ్ల ఆధారం. మద్రాసు నగరం మాదని మనవాళ్లన్నారు. ఎవరి సిద్ధాంతం వాళ్ల దగ్గర గట్టిగానే ఉండింది.

దాన్ని తెంచడానికి హెచ్.వి.పటాస్కర్‌ను మధ్యవర్తిగా పెట్టినారు. ఆయన పాత గ్రంథాలను పక్కన పెట్టినాడు. ఒక్కో గ్రామాన్ని ఒక్కో లెక్కగా తీసుకొని, అక్కడ ఎక్కువమంది ఏ భాషవాళ్లో చూసి, ఆ గ్రామం ఆ భాషా రాష్ట్రానికి ఆనుకొని ఉంటే అందులో చేర్చాలన్నాడు. దాన్నే పటాస్కర్ సూత్రం అంటారు. ఆ ప్రకారమే 1959లో పార్లమెంటు చట్టం చేసింది. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది, తిరుపతి ఉన్నచోటే ఉండింది.

ముందు ఈ సూత్రం గొప్పతనం ఒప్పుకోవాల. ఎవరు గట్టిగా అరిచినారు, ఎవరి కావ్యం పాతది అని చూడకుండా, ఇప్పుడు బతికున్న మనుషులను లెక్కపెట్టింది. చేనులో కూలికి పోయే మనిషీ ఒకటే, మిరాసీదారూ ఒకటే. తర్వాత బెళగావి తగాదాలో మహారాష్ట్రవాళ్లు మాకూ ఇదే సూత్రం పెట్టండి అని అడిగినారంటే, దానికి ఎంత విలువ వచ్చిందో చూడండి. తల పగలగొట్టుకొనే తగాదాను కూడిక తీసివేతల్లోకి తెచ్చింది కదా! సిద్ధాంతాలు వట్టి మాటలు అనేవాళ్లతో నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఇంకో మాట కూడా చెప్పాల. మా పెద్దవాళ్లలో కొందరు పొట్టి శ్రీరాములుకు దండం పెడతారు, అదే నోటితో "మనల్ని అన్యాయంగా ఇటు వేసేసినారు" అంటారు. రెండూ ఒకే సిద్ధాంతం చేసిన పనులే. భాషను బట్టి రాష్ట్రం అన్నప్పుడు సంతోషించి, ఆ కొలబద్ద మన వీధికి వచ్చినప్పుడు కోప్పడితే అది విమర్శ కాదు. ఈ మాట ఇంట్లో అంటే నాకు తిట్లు పడినాయి. అయినా రాస్తున్నాను.

మరి లోపం ఎక్కడ ఉంది? లెక్కలో కాదు, అడిగిన ప్రశ్నలో ఉంది. మనిషికి ఒక భాష, గ్రామానికి ఒక భాష అని ముందే అనుకొంటే తప్ప ఆ లెక్క నడవదు. మా ఇంటికి వచ్చి చూస్తే ఆ ఊహ గడప దగ్గరే ఆగిపోతాది. అవ్వ తిట్టేది తెలుగులో, సంతలో బేరమాడేది తమిళంలో. ఆడికృత్తికకు తిరుత్తణి మెట్లెక్కేటప్పుడు మురుగా మురుగా అని పాడే పాటలు తమిళం, దిగేటప్పుడు మోకాళ్ల నొప్పికి వేసే కేకలు తెలుగు. మగ్గం దగ్గర నాయన పడుగు, పేక అంటాడు, నూలు కొట్టులో తమిళంలో లెక్క చెప్తాడు. ఇది ఎంత శాతం తెలుగు, ఎంత శాతం తమిళం? యాభై ఒకటికి నలభై తొమ్మిదా? ఒక ఊరిలో యాభై ఒకటి ఉంటే ఊరంతా అటు. ఆ నలభై తొమ్మిదిమంది ఏమైనారో చెప్పడం ఆ సూత్రం పని కాదు. నిజానికి వాళ్లకోసమే రాజ్యాంగంలో 30వ అధికరణం ఉంది, 1956లో చేర్చిన 350ఎ ఉంది. మా బడి వంటివి నిలబడింది ఆ నీడలోనే. సిద్ధాంతం వదిలేసినవాళ్లను చట్టం గుర్తుపెట్టుకొందన్నమాట.

భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం చదివినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. విద్యుత్ ప్రవాహం పొటెన్షియల్ తేడాకు అనులోమానుపాతంలో ఉంటుంది అని ఊరుకోదు. "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అని ముందే షరతు పెడుతుంది. బల్బు ఫిలమెంటు వేడెక్కి నిరోధం మారిపోతే ఆ నియమం తప్పయిపోదు. నాకు ఇంతవరకే తెలుసు అని అది ముందే చెప్పింది. మనుషుల గురించి చెప్పే సిద్ధాంతాలకు ఈ మర్యాద తక్కువ. పోటీలో నేను చేసిన తప్పూ అదే. మూడు పేర్లు చెప్పినాను, ఒక్కదాని షరతూ చెప్పలేదు. మొదటి బహుమతి వచ్చిన అమ్మాయి కూడా చెప్పలేదనుకోండి.

పటాస్కర్‌ను ఇక్కడ నేను తప్పుపట్టను. ఆయన సూత్రం ఒక గ్రామం ఏ రాష్ట్రంలో ఉండాలో నిర్ణయించడానికి చేసినది. ఆ గ్రామంలో మనిషి ఎట్లా బతుకుతాడో వివరించడానికి కాదు. నిర్ణయించే సూత్రాన్ని తీసుకొని వివరణగా వాడుకొన్నది మనం.

మా తిరుత్తణిలో పుట్టిన తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ సంగతి గురించి చాలా ఆలోచించినాడు. బుద్ధి దేన్నైనా ముక్కలు చేసి చూస్తుంది, మొత్తాన్ని పట్టుకోవడానికి అంతర్దృష్టి కావాల అన్నది ఆయన ఆలోచనలో ముఖ్యమైన భాగం. మా తెలుగు అయ్యవారు దీన్ని విడమరచి చెప్పినారు. మొదటి సగం నాకు బాగా నచ్చింది. రెండో సగం దగ్గర చిన్నవాడినైనా ఒక అనుమానం చెప్తాను. ఒకరి అంతర్దృష్టి తిరుపతి తమిళం అంటుంది, ఇంకొకరిది మద్రాసు తెలుగు అంటుంది. అప్పుడు ఎవరిది నిజమో పరీక్షించేది ఎట్లా? పటాస్కర్ లెక్కను కనీసం మళ్లీ కూడి చూడొచ్చు.

ఆయన సిద్ధాంతం కంటే ఆయన జీవితమే నాకు ఎక్కువ నేర్పింది. కాలేజీలో ఆయన తత్త్వశాస్త్రం ఎంచుకొన్నది పెద్ద ఆలోచనతో కాదంట. అప్పుడే చదువు ముగించిన బంధువు ఒకరు ఆ పాఠ్యపుస్తకాలు ఇచ్చేసినారు, కొనే ఖర్చు తప్పింది. ఆ పుస్తకాలు గణితానివై ఉంటే? 1960లో ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారింది. వీటిని ఏ సిద్ధాంతంలో ఇరికిద్దాం?

మా అక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం అందరూ చదవాల. అక్క తమిళం నీళ్లు తాగినట్టు మాట్లాడతాది, బస్సులో కొత్తవాళ్లు ఆమెను తెలుగు పిల్ల అనుకోరు. పరీక్షలో మాత్రం తమిళంలోనే మార్కులు తగ్గినాయి. ఇక్కడే పుట్టినావు, తమిళం రాకపోవడమేంది అని ఒకరన్నారు. తెలుగు పిల్లకు తమిళం ఎట్లొస్తాది అని ఇంకొకరన్నారు. రెండూ సిద్ధాంతాలే, రెంటిలోనూ మా అక్క లేదు. ఆమెకు వచ్చింది వీధి తమిళం, అడిగింది గ్రంథాల తమిళం. ఈ తేడా తెలుసుకోవడానికి ఆమెను అడిగితే చాలు. ఎవరూ అడగలేదు. నేనూ ఆ రెండు రోజులు అడగలేదు, రెండో మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

జనాభా లెక్కల కాగితంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు రెండు గడులు ఉంటాయని ఈ మధ్యే తెలుసుకొన్నాను. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు మొదటి గడిలో తెలుగు, రెండోదాంట్లో తమిళం చెప్పమని అవ్వకు చెప్పినాను. "మూడోదాంట్లో?" అన్నది. ఖాళీ అన్నాను. "ఖాళీగా ఎందుకు పెట్టాల? ఆ రెండూ కలిపి మనం మాట్లాడేది ఉండాది కదా, అది రాయమను" అన్నది. దానికి పేరేమని చెప్పాలో నాకు తెలియలేదు.