స్టాప్‌వాచ్ నడుస్తోందా, ఆగి ఉందా?

స్టాప్‌వాచ్ ఉన్న పాత క్రోనోగ్రాఫ్ వాచీ స్లో అవుతోందని ఎవరైనా తెస్తే నేను వెంటనే మూత తీయను. స్టాప్‌వాచ్ నడుస్తున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా అని అడుగుతాను. ఎక్కువమంది గమనించి ఉండరు. ఫుల్‌గా కీ ఇచ్చి ఒకరోజు స్టాప్‌వాచ్ ఆపి ఉంచండి, మర్నాడు నడవనివ్వండి, రెండు రోజుల తేడా రాసుకుని రండి అంటాను. సగం జబ్బు ఆ చీటీ మీదే తెలిసిపోతుంది.

వాల్జూ 7733 సంగతే చూడండి. స్విట్జర్లాండ్‌లో తయారైన కీ వాచీ మెషిన్ అది. గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది. బటన్ నొక్కగానే, ఎప్పుడూ తిరుగుతుండే ఓ చిన్న చక్రం పక్కకు జరిగి మధ్యనున్న క్రోనోగ్రాఫ్ చక్రాన్ని పళ్లతో అందుకుంటుంది. ఆ పళ్లు వెంట్రుకంత సన్నం. అవి మరీ లోతుగా దిగితే రాపిడి పెరిగి బ్యాలెన్స్ చక్రం ఊపు పడిపోతుంది. అంటీ అంటనట్టుంటే సెకన్ల ముల్లు గెంతుతుంది. ఊపు కొంత తగ్గడం ఈ మెషిన్‌కి సహజమే. బాగా తగ్గితేనే రోగం. సరిగ్గా 60వ సెకను దగ్గర ఆగిపోయే వాచీలు కొన్నుంటాయి. నిమిషాల చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెట్టాల్సింది అక్కడే. ఆ నెట్టే బలం లేదన్నమాట.

1969లో వచ్చిన సీకో 6139లో స్టాప్‌వాచ్‌ని కలిపే క్లచ్ ఇలా పక్కనుంచి కాక నిలువుగా పట్టుకుంటుంది. అందులో బటన్ నొక్కితే పెద్ద తేడా రాకూడదు. వస్తే మరోచోట వెతకాలి.

స్టాప్‌వాచ్ ఆపినా స్లో అవుతుంటే ఎండిపోయిన నూనె, అలసిన మెయిన్ స్ప్రింగ్. ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ఫాస్ట్ పోతుంటే హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టిందనో, నూనె తగిలి చుట్లు అంటుకున్నాయనో అనుమానించాలి.

వీటిలో ఏదీ చూడకుండా ఫాస్ట్-స్లో మీట జరిపేసేవాళ్లంటే నాకు నిజంగా బాధ. రోజుకు 86,400 సెకన్లలో 86 పోయినా వెయ్యింట ఒక వంతే. ఆ మాత్రం తేడాను మీట ఇట్టే కప్పేస్తుంది. కానీ స్టాప్‌వాచ్ ఆపగానే అదే వాచీ ఫాస్ట్ అవుతుంది. లోపల నూనె లేని ఇరుసులు అరుగుతూనే ఉంటాయి.

7733లో ఆ పళ్ల లోతు సరిచేసే ఎక్సెంట్రిక్ స్క్రూ చూడ్డానికి మామూలు స్క్రూలాగే ఉంటుంది. వదులైందనుకుని బిగించకండి. దాని తలమీది గాడి ఎటు ఉందో ముందు ఫొటో తీసుకోండి.