‘ముఠా’ పదం: పాలనా విభాగం, మన్యం సాహిత్య పఠనం

మన్యం పోరాటాలకు సంబంధించిన రచనలను బోధించేటప్పుడు ‘ముఠాదారు’ అనే పదం దగ్గర విద్యార్థులు పొరబడడం సహజం. మైదాన వ్యవహారంలో ముఠా అంటే గుంపు. ముఠా తగాదాలు, దొంగల ముఠా, ముఠా కూలీలు అనేవే వారికి పరిచితమైన ప్రయోగాలు. విశాఖ మన్యంలో మాత్రం ముఠా కొన్ని గ్రామాల సముదాయం, ఒక పాలనా విభాగం. శిస్తు వసూలు చేసి, నిర్ణీత మొత్తాన్ని పైవారికి చెల్లించి, తన పరిధిలో శాంతిభద్రతలకు బాధ్యత వహించేవాడు ముఠాదారు. విమర్శకులు సైతం ఈ అర్థభేదాన్ని వివరించకుండానే ముందుకు సాగడం విచారకరం.

పాలనా విభాగానికి సాహిత్యంతో పనేమిటని సందేహించనక్కరలేదు. ప్రాచీన జపానులో ‘కుని’ అనే రాష్ట్ర విభాగాలు ఉండేవి. ఒక్కొక్క కునిలోని స్థలనామాల పుట్టుకను, ఐతిహ్యాలను రాసి పంపాలని 713లో రాజాజ్ఞ వెలువడింది. ఆ విధంగా వచ్చినవే ‘ఫుదోకి’ గ్రంథాలు. 1871లో అక్కడ ప్రిఫెక్చర్ల వ్యవస్థ ఏర్పడినా పాత కునుల పేర్లు వ్యవహారంలో నిలిచాయి. మనకూ అటువంటి ఉదాహరణలున్నాయి. తొలి తెలుగు పద్యశాసనాలలో ఒకటైన పండరంగని అద్దంకి శాసనం పన్నెండు బోయకొట్టాలను పేర్కొంటుంది. వెలనాడు, పాకనాడు పాలనా పటం నుండి తొలగిపోయినా వెలనాటివారు, పాకనాటివారు అనే శాఖానామాలలో మిగిలాయి. ముఠాకు ఆపాటి అదృష్టమూ దక్కలేదు. దాని వివరాలు ప్రధానంగా రెవెన్యూ పత్రాలలో, 1907 నాటి విశాఖపట్నం గెజిటీర్ వంటి పాలకుల రచనలలో చేరాయి. ఫుదోకి సైతం పాలకుల అవసరం కోసం పుట్టినదే. అయితే అందులో స్థానికుల కథకు చోటుంది.

ఈ పదాన్ని సరిగా గ్రహిస్తే పాత్రల అవగాహన కూడా మారుతుంది. 1879 రంప తిరుగుబాటునే చూడవచ్చు. మన్సబ్‌దారు వసూళ్లు, కల్లుపై చిగురుపన్ను ప్రజలతోపాటు ముఠాదారులనూ తిరుగుబాటు వైపు నెట్టాయి. శిస్తు అడిగేవాడూ ఆయుధం పట్టినవాడూ ఒకడే. ముఠాదారును దోపిడీదారుగానో వీరుడిగానో మాత్రమే చిత్రించే రచనలు, వాటిని ఆ చట్రంలోనే మెచ్చుకునే విమర్శలు ఈ ద్వైధాన్ని వదిలివేస్తున్నాయి. నా దృష్టిలో మన్యం నవలకు అసలైన నాటకీయత ఇక్కడే ఉంది.

1969 నాటి రెగ్యులేషన్ ముఠాలను రద్దుచేసి రైత్వారీ పద్ధతిని ప్రవేశపెట్టింది. 1985లో మండలాలు వచ్చాయి. జి.మాడుగుల పేరులోని ‘జి’ గంగరాజుకు సంక్షిప్తం. కొండల దిగువన జమీందారీ కేంద్రంగా ఉన్న మరో మాడుగుల నుండి దీనిని వేరుచేసే గుర్తు. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ రెండు మాడుగులలు వేర్వేరు జిల్లాలలో ఉన్నాయి: కొండమీదిది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, దిగువది అనకాపల్లి జిల్లాలో. క్షేత్రపర్యటనకు వచ్చే పరిశోధకులు మండలాల పటంతో బయలుదేరుతున్నారు. వారు సేకరించదలచిన కథలలోని ఊళ్లు మాత్రం ముఠాల వారీగానే ఉంటాయి. ముందుగా ఏ ఊరు ఏ ముఠాకు చెందినదో అడిగి రాసుకోవడం అవసరం.