చూపును సాగదీసే చెట్ల బాట

టోక్యోలో అయోయామా వీధి నుంచి మెయిజీ జింగూ గైఎన్ ఉద్యానం వైపు తిరిగితే నాలుగు వరసల్లో గింకో చెట్లు ఎదురవుతాయి. మొత్తం 146. బాట పొడవు సుమారు 300 మీటర్లే. అయినా దాని చివర కనిపించే చిత్రశాల ఎంతో దూరాన ఉన్నట్టుంటుంది. ఆ దూరంలో కొంత చెట్లు కల్పించిందే.

ఈ వరసలు తీర్చినవాడు ఒరిషిమో యోషినోబు అనే ఉద్యాన నిపుణుడు. ఎత్తయిన చెట్లను బాట మొదట్లో పెట్టించి, చిత్రశాల వైపు పోనుపోను పొట్టివి నాటించాడు. నేల కూడా అటే పల్లం. దూరమయ్యేకొద్దీ వస్తువు చిన్నదవుతుందని కంటికి అలవాటు. చెట్ల తలలు క్రమంగా దిగుతుంటే బాట ఇంకా సాగినట్టు తోస్తుంది. ఇలాంటి భ్రమ కోసం చిత్రకారుడు గీసిన గీత గీసినచోటే ఉంటుంది. చెట్టు పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకోవడంలోనే ఉంది పనితనమంతా. కొన్నేళ్లకోసారి కొమ్మలు కత్తిరించి, ప్రతి చెట్టునూ మొన తేలిన శంకువులా దిద్దుతారు. అందుకే ఆ వాలు వందేళ్లకూ చెదరలేదు.

1908లో షింజుకు గ్యోఎన్ తోటలోని గింకో గింజలు ఏరి నారు పోశారు. ఆ మొక్కలను సాకుతూ, ఆకృతి సరిచేస్తూ, 1923లో గాని ఇక్కడ నాటలేదు. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ పదిహేనేళ్ల ఓపిక.

గింకోనే ఎంచుకోవడమూ తెలివైన పనే. పొగ, చలి, చీడపీడలు, పదేపదే కత్తిరింపు, అన్నిటినీ ఓర్చుకుంటుంది. 1945లో హిరోషిమాలో బాంబు పేలిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరంలోని హోసెన్‌బో గుడి గింకో మళ్లీ చిగిర్చింది. విసనకర్రలాంటి ఆకులు నవంబరు చివరికి పసుపు పచ్చగా మారి, దాదాపు ఒక్కసారిగా రాలిపోతాయి. తొడిమల దగ్గర విడిపోయే పొర అన్ని ఆకుల్లోనూ ఇంచుమించు ఒకేసారి ఏర్పడడమే కారణం. వేసవిలో నిండు నీడనిచ్చిన బాట మీదికి చలికాలంలో ఎండ ధారాళంగా దిగుతుంది. ఆడ చెట్ల పండ్లు రాలి నలిగితే దుర్వాసన వస్తుంది, నిజమే. ఆ కారణంగా చాలా నగరాల్లో మగ చెట్లే నాటుతారు. ఇక్కడ రెండూ ఉన్నాయి.

పక్కనే కొత్త బేస్‌బాల్ స్టేడియం కట్టాలన్న ప్రణాళిక వచ్చాక, పునాదులు పడమటి వరస వేళ్లను దెబ్బతీస్తాయని చెట్ల నిపుణులు గట్టిగా అడ్డు చెప్పారు. 2024లో నమూనా సవరించి కట్టడాన్ని చెట్లకు మరింత ఎడంగా జరిపారు. ఆ ఎడం చాలుతుందో లేదో ముందు తెలిసేది ఆ వేళ్లకే.