బరువు ఎక్కడ కూర్చోవాలి

సంచి కొనేవాడి చూపు ముందు జేబుల మీద పడుతుంది. నీళ్ల సీసాకొకటి, ఫోనుకొకటి, తాళాలకొకటి. బరువు మోసి బతికేవాడు జేబుల జోలికే పోడు. పట్టీ లాగి చూస్తాడు, కుట్టు గిల్లి చూస్తాడు, భుజానికెత్తి రెండడుగులు వేస్తాడు.

కొలరాడోలో ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడి కొడుకు మొన్న వాట్సాప్‌లో మూడు సంచుల ఫొటోలు పంపి, "పెదనాన్నా, వీటిలో ఏది తీసుకోమంటావ్?" అని అడిగాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి ఈ అక్టోబరులో ఎల్క్ వేటకు వెళ్తున్నాడట. ఆగిరిపల్లిలో మామిడికాయల లెక్కలు చూసుకునేవాణ్ణి పట్టుకుని వేట సంచి గురించి అడగడమేమిట్రా అన్నాను. మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలుకు ఉచ్చు పెట్టినా కేసే. "వేట సంగతి మావాళ్లు చూసుకుంటారు. మోత సంగతి నువ్వు చెప్పు. చిన్నప్పట్నుంచీ తోటలో మోసేవాళ్లనే చూస్తున్నావుగా" అన్నాడు. అదీ నిజమే.

ముందు వాడు మోయాల్సిన బరువెంతో తెలియాలి. ఎల్క్ అంటే మన కణుజు కుటుంబానిదే, దానికన్నా పెద్దది. మగది 300 కిలోలు దాటుతుంది. అడవిలోనే తోలు తీసి, ముక్కలు చేసి, ఎముక వదిలేసినా 80 నుంచి 100 కిలోల మాంసం ఉంటుంది. జీపు ఆగిన చోటికి అదంతా మనిషి వీపు మీదే రావాలి. మోయలేక తినదగిన మాంసాన్ని అక్కడే వదిలేసి వస్తే ఆ రాష్ట్రంలో నేరం. నాకీ చట్టం నచ్చింది. అంటే తుపాకీ పేల్చేముందే మోత లెక్క వేసుకోవాలి. ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎంతమందిమి, ఎన్ని తిరుగుళ్లు. సంచి ఎంపిక ఆ లెక్క తర్వాతే. మావాడు మాత్రం అందరిలాగే ముందు సంచి దగ్గరికి వెళ్లాడు.

ఇక మా తోటల సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా వైపు ఎటు చూసినా మోతే. చిక్కం కట్టిన వెదురు గెడతో కాయను తొడిమతో సహా దింపుతారు. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద నల్లటి మచ్చ పడుతుంది, ధర పడిపోతుంది. దింపిన కాయను చెట్ల మధ్య నుంచి బండి దాకా చేర్చడం ఇంకొకరి పని. బంగినపల్లి అయితే కాస్త గట్టి కాయ, లోతు గంపలో పోసినా ఓర్చుకుంటుంది. చిన్న రసం అలా కాదు. తొక్క పలుచన, లోపలంతా రసం. పైకాయ బరువుకే కిందికాయ నలుగుతుంది. రసాలకు వెడల్పు గంప, అడుగున వరిగడ్డి, రెండు మూడు వరసలకు మించకుండా కాయ. ఏ సరుక్కి ఏ గంపో మోసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

మా తోటలో ఎన్నో ఏళ్లుగా మోస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. గంప ఎత్తుకోవడం ఆయన దగ్గర చూడాలి. తువ్వాలును మెలిపెట్టి చుట్టకుదురు చేసి నడినెత్తికి కాస్త వెనగ్గా పెట్టుకుంటాడు. "చెయ్యెయ్" అంటే ఇంకొకరు వస్తారు. ఇద్దరూ గంపను మోకాలి ఎత్తుకు లేపుతారు, ఒక్క క్షణం తొడ మీద ఆపుతారు, అక్కణ్ణుంచి ఒకే ఊపులో నెత్తికి. గంప కూర్చున్నాక పెద్దాయన వెంటనే కదలడు. మెడ రెండువైపులా కొద్దిగా ఆడించి, బరువు నిటారుగా వెన్నులోకి దిగిందని తెలిశాక అడుగేస్తాడు. అంటుకట్టిన చెట్లకు కొమ్మలు కిందికే ఉంటాయి. కొమ్మ అడ్డమొస్తే మెడ వంచడు, మోకాళ్లు వంచి గంపతో సహా కిందికి దిగి, దాటాక లేస్తాడు.

ఆ కొమ్మల సంగతి మావాడికి ముందు చెప్పాను. ఫొటోల్లో ఒక సంచి తలకన్నా జానెడు పైకి ఉంది. బాట మీద నడిచేవాడికి ఫరవాలేదు. బాటలేని అడవిలో అది ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది, వాలులో మనిషిని పక్కకు లాగేస్తుంది. కాబట్టి సంచి తల దాటకూడదు, బరువు వీపు నడుమనే ఉండాలి.

అసలు బరువు ఒంటి మీద ఎక్కడ కూర్చోవాలన్నది ప్రపంచమంతా ఎవరికి వాళ్లు తేల్చుకున్న విషయం. కెన్యాలో లువో తెగ ఆడవాళ్లు నెత్తి మీద మోస్తారు, కికుయు ఆడవాళ్లు నుదుటికి పట్టీ వేసుకుని వీపు మీద మోస్తారు. 1986లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన వీళ్లు తమ ఒంటి బరువులో అయిదోవంతు దాకా అదనపు శక్తి ఖర్చు లేకుండా మోయగలరని లెక్క తేల్చింది. నేపాల్ కూలీలదీ నుదుటి పట్టీయే. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన కొలతల ప్రకారం అక్కడి మగవాళ్లు సగటున ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నారు. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ అలవాటైన మెడలు. డెన్వర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే మెడకు ఇవి నేర్పబోతే నెలకే ఆసుపత్రి. మా పెద్దాయన మెడ కూడా రాత్రిళ్లు సలుపుతుందని వాళ్లావిడ చెబుతూనే ఉంటుంది.

కావిడి గురించి కూడా అడిగాడు మావాడు, సరదాకే అనుకోండి. వెదురుబద్ద ఊగుతుంటే బరువు తేలికవుతుందని మనందరి నమ్మకం. రోడ్జర్ క్రామ్ అనే ఆయన 1991లో ఊగే బద్దలతో మనుషుల్ని పరుగెత్తించి కొలిచాడు. శక్తి ఖర్చేమీ తగ్గలేదు. తగ్గిందల్లా భుజం మీద పడే దెబ్బ. అడుగడుగునా భుజాన్ని గుద్దాల్సిన బరువు ఊపులో కలిసిపోతుంది. తగ్గింది అదొక్కటే అయినా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోసేవాడికి అదే పెద్ద లాభం. కాకపోతే కావిడికి చదునైన నేల కావాలి, రెండుపక్కలా చోటు కావాలి. కొలరాడో కొండల్లో ఈ రెండూ దొరకవు.

వాడికి పనికొచ్చేది నడుం. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే వడ్రంగి తన గ్యారేజీలో అల్యూమినియం గొట్టాలతో చట్రం చేసి సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. చట్రానికి నడుం పట్టీ తగిలించి, భుజాల మీది బరువును తుంటి ఎముకల మీదికి దించాడు. ఒంట్లో పెద్ద ఎముకలు, పెద్ద కండలు అక్కడేగా ఉన్నవి. అంతకుముందు 1920ల నుంచీ అమెరికా వేటగాళ్లు వాడిన ట్రాపర్ నెల్సన్ చెక్క చట్రానికి బరువంతా భుజాల మీదే. ఇప్పటి వేట సంచులు చాలావరకు కెల్టీ దారినే నడుస్తున్నాయి. వీటిలో కొన్నింటికి సంచిని చట్రం నుంచి కాస్త విడదీసి మధ్యలో మాంసం మూట పెట్టుకునే అర ఉంటుంది. ఎంత బరువైనది వీపుకు అంత దగ్గరగా ఉండాలన్న సూత్రం అది. బరువు వీపుకు బెత్తెడు దూరం జరిగినా మనిషి ముందుకు వంగాల్సిందే, ఆ వంగడంతోనే నడుం పోతుంది.

మూడు ఫొటోల్లో అలాంటి అర ఉన్నది ఒక్కటే, మూడిట్లోకీ జేబులు తక్కువున్నదీ అదే. దాన్ని కొనమన్నాను, ఒక షరతు మీద. కొన్న రోజే సోనామసూరి బియ్యం సంచులు మూడు అందులో కట్టాలి. అక్కడి మన దుకాణాల్లో 20 పౌండ్ల సంచులు దొరుకుతాయి కదా, మూడు కలిపితే 27 కిలోలు. దాన్ని వీపునేసుకుని ఇంటి మెట్లు అరగంట ఎక్కిదిగాలి. ఇక్కడే ఉండుంటే మా ఊరి శోభనాద్రి కొండ మెట్లెక్కమనేవాణ్ణి, స్వామి దర్శనం కూడా అయ్యేది. నడుం పట్టీ తుంటి ఎముక మీద కూర్చుందా, జారి పొట్టకు బిగుస్తోందా? వేళ్లు తిమ్మిరెక్కాయంటే భుజం పట్టీల మీద బరువు ఎక్కువైందని అర్థం. చట్రం పొడవు మెడ ఎముక నుంచి తుంటి దాకా ఉన్న కొలతకు సరిపోకపోతే ఎంత ఖరీదైన సంచైనా వెనక్కి ఇచ్చేయడమే. మనిషి ఎత్తు చూసి సంచి కొనేవాళ్లు చాలామంది. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడవై వీపు పొట్టిగా ఉండొచ్చు.

ఇక సంచిలోకెక్కే మాంసం సంగతి. దానికి అసలు శత్రువు దూరం కాదు, వేడి. కోసిన మాంసం లోపలి వేడి తగ్గకముందే ప్లాస్టిక్ సంచిలో కుక్కితే పైకి బావున్నట్టే ఉండి లోపల చెడిపోతుంది. గాలాడే గుడ్డ సంచుల్లో కట్టి, నీడలో కొమ్మకు వేలాడదీసి, చల్లబడ్డాకే వీపుకెత్తాలి. తర్వాతి తిరుగుడుకు మిగిలిన మూటల్ని పేగులు పారేసిన చోటికి దూరంగా కట్టాలి, ఎలుగుబంట్లు ఆ వాసనకే వస్తాయి. మామిడి కాయకూ కోసిన వేడి ఉంటుంది. ఎండలో కోసి కుప్ప పోసి టార్పాలిన్ కప్పిన సరుకు నున్న మార్కెట్‌కు చేరేసరికి ఏమవుతుందో మా వైపు రైతుకు చెప్పక్కర్లేదు.

ఎత్తడం, దించడం మాత్రం ఏ సంచీ చూసుకోదు. తమిళనాడు బాటల పక్కన రెండు నిలువు రాళ్ల మీద అడ్డరాయి పెట్టిన సుమైతాంగులు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. కేరళలో అత్తాణి అంటారు. నెత్తి మీది మూటను వంగకుండా దించుకుని, మళ్లీ ఎవరి సాయం లేకుండా ఎత్తుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు కట్టించినవి. అడవిలో పడిపోయిన చెట్టు మాను అలాంటిదే. నడుమెత్తు మాను కనిపిస్తే అలుపు రాకపోయినా ఆగమన్నాను. నేల మీంచి లేవాలంటే సంచిని వాలులో ఎగువవైపు ఆనించి, దాని ముందు కూర్చుని పట్టీలు బిగించి, పక్కకు దొర్లి మోకాళ్ల మీదికొచ్చి, కర్ర ఊతంతో లేవాలి. మోకాలు, నడుం పోయేది నడకలో కంటే ఈ లేవడంలోనే. "చెయ్యెయ్" అంటే పలికేవాడు పక్కనుంటే ఇదంతా అక్కర్లేదు. రెండు వందల డాలర్లు తక్కువలో సంచి కొనుక్కుని, ఆ డబ్బుతో మోతకు ఇంకొక స్నేహితుణ్ణి తీసుకెళ్లమన్నాను. "పెదనాన్నా, వాడికి కూడా సంచి కావాలిగా!" అన్నాడు.

ఒక మనిషి ఎంత మోయాలన్న దానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక ఒడంబడిక చేసింది. దాంతోపాటు ఇచ్చిన సిఫార్సులో వయసొచ్చిన మగవాడికి 55 కిలోలు హద్దు అంది, ఆడవాళ్లకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలంది. మా వైపు ఇప్పుడు గంపలు తగ్గి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. ఒక్కోదానికి ఇంచుమించు 20 కిలోల కాయ, రెండు పక్కలా చేతిపట్టు. ఇద్దరు కలిసి పట్టుకుని నడిస్తే ఎవరి నడుమూ పోదు. కానీ కూలి క్రేటు లెక్కన ఇస్తున్నాం కదా, కుర్రాళ్లు ఒకదాని మీద ఒకటి రెండేసి, ఒక్కోసారి మూడేసి ఎత్తుకుని పరుగులు తీస్తున్నారు. ఈసారి కోతకు మోతవాళ్లకు రోజుకూలి ఇద్దామని మేస్త్రీతో అన్నాను. "అట్టాగైతే సాయంత్రానికి బండి నిండదండీ" అన్నాడు. నిండకపోతే రెండో బండి మర్నాడు పొద్దున వెళ్తుందని నేను, మర్నాటికి రేటు ఏమవుతుందో చెప్పమని ఆయన. ఇంకా తెగలేదు.