పౌరుషమునకు వేషము: పైడి జైరాజ్ నటజీవితముపై ఒక పరిశీలన

పైడి జైరాజ్ 1909లో కరీంనగరమున జన్మించి, 1929లో బొంబాయి మూకీచిత్రములలో ప్రవేశించి, 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందిన నటులు. హిందీ చిత్రసీమలో నాయకుడై వెలిగిన తెలుగువాడని మనవారు ఆయనను గర్వముతో స్మరింతురు. ఆ గర్వమునకు నేను విరోధిని కాను. కాని అది అడుగనీయని ప్రశ్న యొకటి కలదు: ప్రేక్షకలోకము ఆయనయందు ఎట్టి పురుషుని చూచి మెచ్చినది?

మూకీచిత్రమున నటుని మాతృభాషతో పని లేదు. నాయకుని పౌరుషమును చాటవలసినది వాక్కు గాదు, దేహమే. టాకీలు వచ్చిన పిదపను ఈ కొలత పెద్దగా మాఱలేదు. ‘అమర్ సింగ్ రాథోడ్’ (1956) చిత్రమున ఆయన రాజపుత్రవీరుడు. ‘టిప్పు సుల్తాన్’ (1959) చిత్రమున మైసూరు ప్రభువు. ‘హైదర్ అలీ’ (1962) చిత్రమున ఆ ప్రభువునకే తండ్రి! మతము వేఱు, ప్రాంతము వేఱు, శతాబ్దము వేఱు. పాత్రకు వలసిన యర్హత మాత్ర మొక్కటే: ఖడ్గము పట్టుట, తల వంచకుండుట. చరిత్రపురుషులు మాఱుచున్నను చరిత్ర మాఱలేదనిన అతిశయోక్తి కాదు.

1963 నాటి ‘చంద్రశేఖర్ ఆజాద్’ ఇంకను విచిత్రమైన నిదర్శనము. 1931లో అలహాబాదు ఉద్యానమున ప్రాణము విడిచినప్పుడు ఆజాదు వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఆ పాత్రను ధరించునాటికి జైరాజ్ ఏబది దాటినవారు. వీరుని పోలిక యున్నచో వయస్సు లెక్కకు రాదన్న మాట. ఏబదియేండ్ల నటికి ఇరువదినాలుగేండ్ల నాయిక పాత్రను అప్పగించు నిర్మాత యుండునా? పురుషునకు లోకమిచ్చిన ఈ వెసులుబాటు ఆయన ప్రతిభను తగ్గింపదు. లోకదృష్టిని మాత్రము బయటపెట్టును. వార్ధక్యమున సైతము ‘షోలే’ (1975) ఆయనకు పోలీసు అధికారి వేషమునే యిచ్చినది. ఖడ్గము పోయినను అధికారము పోలేదు.

ఇది బొంబాయి వ్యాపారుల కల్పనయే గాని మన నేల తీర్పు కాదని కొందఱనవచ్చును. అట్లయిన మన నేలనే చూతము. కరీంనగరమునకు ఉత్తరమున, ఆదిలాబాదు గోండుల దండారి ఉత్సవమున గుస్సాడీ నర్తకుడు నెమలియీకల కిరీటము దాల్చి, ఒడలికి బూడిద పూసికొని, గజ్జెలు కట్టి యాడును. ఉత్సవము ముగియువఱకు స్నానము మానుట మొదలగు నియమములను పాటించును. ఇచట పురుషునకు అలంకారము లోపము కాదు, నాట్యము చిన్నతనము కాదు. ఓడింపవలసిన శత్రువే లేడు. ఈ నృత్యమునకే మార్లవాయి వాస్తవ్యులు, 2024లో దివంగతులైన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ లభించినది. ఆయనను లోకమెఱిగినది వ్రతము వలనను, అడుగు వలనను.