కాదన్న కోర్టునే మళ్లీ అడగవచ్చా?

యావజ్జీవ శిక్షపై సుప్రీంకోర్టులో అప్పీలు ఉంది. బెయిల్ అడిగితే కోర్టు కాదంది. అప్పీలు ఎప్పుడు విచారణకొస్తుందో తెలియదు. అదే కోర్టులో ఆ ముద్దాయి మరో బెయిల్ పిటిషన్ వేయవచ్చా? 1978 జనవరిలో బాబూ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ ప్రశ్నకు రాసిన జవాబు, ఉత్తర్వు రాయడం ఎంత నేర్పుగల పనో చూపిస్తుంది.

హత్య కేసులో పిటిషనర్లను సెషన్స్ కోర్టు నిర్దోషులని వదిలేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళితే, ఏళ్ల తర్వాత హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి యావజ్జీవ శిక్ష వేసింది. 1977లో సుప్రీంకోర్టు వాళ్లకు బెయిల్ నిరాకరించింది. మళ్లీ అడిగారు. ఒకసారి తేలిపోయింది కదా, రెండోసారి వినకూడదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది.

ఆ అభ్యంతరాన్ని కృష్ణయ్యర్ తేలిగ్గా తోసెయ్యలేదు. పాత తిరస్కరణకు విలువ ఇవ్వాల్సిందేనని ముందు ఒప్పుకున్నారు. అయితే రెండో విచారణకు అది అడ్డు కాదన్నారు. మధ్యంతర ఆదేశం తుది నిర్ణయం కాదు. మారిన పరిస్థితుల్లో మళ్లీ పరిశీలించడం పాత ఉత్తర్వును తిరగదోడడమూ కాదు. పనితనమంతా ఈ కూర్పులోనే ఉంది. ఒప్పుకోలు లేకపోతే, బెయిల్ వచ్చేదాకా పిటిషన్లు వేస్తూ పోవచ్చనే అర్థం వచ్చేది. తర్వాతి మాటలు లేకపోతే, ఒక్క తిరస్కరణతో ఖైదీ నోరు మూతపడేది. తక్కెడ ఏ వైపూ ఒరగకుండా రెంటినీ ఒక్కచోటే నిలిపారు.

ఏ వాస్తవాలు ఏరుకున్నారో చూడండి. హైకోర్టు తీర్పుకు ముందు ఏళ్ల తరబడి వాళ్లు బయటే ఉన్నారు. ఆ స్వేచ్ఛను దుర్వినియోగం చేసినట్టు ఆధారం లేదు. ఇంట్లో మగవాళ్లందరూ జైల్లోనే ఉన్నారు. అప్పీలు దగ్గర్లో విచారణకొచ్చే సూచన లేదు. నేరం తీవ్రతను ఎక్కడా తగ్గించి చెప్పలేదు. వీటన్నిటినీ రాజ్యాంగం 21వ అధికరణం వెలుగులో తూచి, బెయిల్ ఇచ్చారు.

దీనికి పునాది దాదాపు రెండు నెలల ముందే పడింది, అదీ మన కేసులో. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో, 1977 డిసెంబరులో చాంబర్ జడ్జిగా ఆయన బెయిల్ సూత్రాలను విడమర్చి రాశారు. అదే ఏడాది కశ్మీరా సింగ్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, సహేతుకమైన వ్యవధిలో అప్పీలు వినలేని కోర్టు, బలమైన కారణం లేకపోతే సాధారణంగా బెయిల్ ఇవ్వాలన్నారు. 1948లో నెలపాటు జైల్లో ఉన్న కృష్ణయ్యర్‌కు అక్కడ రోజు ఎలా గడుస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

2004లో కల్యాణ్ చంద్ర సర్కార్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ బెయిల్ అడిగే వెసులుబాటుకు హద్దు గీసింది: తిరస్కరించాక బెయిల్ ఇస్తే, కొత్త కారణాలేమిటో ఉత్తర్వులో రాయాలి. అప్పీలు కాలంలో శిక్ష నిలుపుదలకు నాడు సీఆర్పీసీ 389వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 430వ సెక్షన్ వచ్చింది. సెక్షన్ నంబరు మారినా, రెండో పిటిషన్ రాసే న్యాయవాదికి బాబూ సింగ్ ఉత్తర్వే మంచి పాఠం. మొదటి తిరస్కరణను గౌరవించాలి, ఆ తర్వాత ఏం మారిందో మొదటి పేజీలోనే చెప్పాలి. విచారణకు రాని అప్పీలు కింద ఖైదీ గడిపే ప్రతి నెలా ఒక మార్పే. దాన్ని లెక్కలోకి తీసుకోవడం కోర్టు చూపే దయ కాదు, కోర్టు బాధ్యత.