డెస్పుమేషన్: ఒక పారిభాషిక పదం - అర్థవిచారణ

ఔషధ తయారీ గ్రంథాల్లో కనిపించే ‘డెస్పుమేషన్’ అనే పదానికి ‘నురుగు తీయడం’ అని అర్థం రాసుకుని చాలామంది తృప్తిపడతారు. ఈ అర్థం తప్పు కాదు, కానీ చాలదు. ఎందుకు చాలదో పరిశీలిద్దాం.

ముందుగా వ్యుత్పత్తి. లాటిన్‌లో ‘స్పూమా’ అంటే నురుగు. ‘డే’ అనే ఉపసర్గ తొలగింపును సూచిస్తుంది. ఈ రెండూ కలిసి ‘డేస్పూమారే’ అనే క్రియ ఏర్పడింది. ‘స్పూమా’, సంస్కృతంలోని ‘ఫేనం’, ఇంగ్లీషులోని ‘ఫోమ్’ జ్ఞాతిపదాలు. కాబట్టి ‘ఫేన నిర్మూలనం’ అనే అనువాదం వ్యుత్పత్తికి చక్కగా సరిపోతుంది. అయితే అది జరిగే పనిని చెబుతుందా?

తేనెను శుద్ధిచేసే పద్ధతిని గమనించండి. తేనెను నీటి ఆవిరి వేడిపై వెచ్చచేస్తే పలచబడుతుంది. అందులోని మైనపు తునకలు, ఇతర మలినాలు నురుగుతో కలిసి పైకి తేలుతాయి. ఆ పొరను తీసివేసి తేనెను వడకడతారు. ఇలా శుద్ధిచేసిన తేనెకు పాత ఔషధ గ్రంథాల్లో ‘మెల్ డెస్పుమాటమ్’ అని పేరు. మన వంటింట్లో చక్కెర పాకంలో కాసిని పాలు పోసి, పైకి తేలిన మురికిని గరిటెతో తీయడం కూడా ఇదే పని. ఇక్కడ నురుగు మలినాన్ని మోసుకువచ్చే వాహకం మాత్రమే. అసలు లక్ష్యం శుద్ధి.

17వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఈ పదాన్ని జ్వరాలకు అన్వయించాడు. జ్వరంలో రక్తం తనలోని చెడును వేరుచేసుకుంటుందని ఆయన భావన. ఆ సిద్ధాంతం నేడు నిలవకపోయినా, పదంలో శుద్ధి అనే భావమే ప్రధానమని ఈ ప్రయోగం రుజువు చేస్తుంది.

దీనికి భిన్నంగా, కిణ్వన తొట్లలో సిలికోన్ వంటి పదార్థాలు కలిపి నురుగును అణచివేస్తారు. అక్కడ బుడగలు పగిలి, ద్రవం తిరిగి ద్రవంలోనే కలిసిపోతుంది. తీసి పారవేసేది ఏమీ ఉండదు. ‘ఫేన నిర్మూలనం’ అన్న మాట ఈ రెండు పనులకూ వర్తిస్తుంది. అందుకే అది లోపభూయిష్టమైన పదం.

తెలుగులో ద్రవంపై తేలే మలినపు పొరకు ‘తెట్టు’ అనే మాట ఉంది. డెస్పుమేషన్‌కు ‘తెట్టు తీయడం’, రెండో ప్రక్రియకు ‘నురుగు అణచడం’ అంటే అర్థభేదం స్పష్టమవుతుంది. పారిభాషిక పదం మూలపదానికి అద్దం పడితే చాలదు. అది చదివిన విద్యార్థికి జరిగే పని కళ్లకు కట్టాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తెట్టు తీయడానికి, నురుగు అణచడానికి గల భేదాన్ని ఒక్కొక్క ఉదాహరణతో వివరించండి.